పసివాని ప్రశ్న ఎవరి సొత్తు?



మన విదర్భలో ఎండల దృష్ట్యా బడులు జూన్ నెలాఖరుకు గాని తెరవరు. అందుచేత మే నెల అంతా, ఆరాధన ముగిసి బయటికి వచ్చిన తరువాత చెట్టు క్రింద తల్లుల మధ్య నడిచే మాట ఒక్కటే. పిల్లవానికి మూడు నిండినవి, ఎక్కడ వేయాలి? అంగన్‌వాడీకి పంపాలా, లేక ఇక్కడ అందరూ కాన్వెంటు అని పిలిచే ఇంగ్లీషు నర్సరీకి పంపాలా? ఫీజు ఎంత, ఆటో ఎంత, ఎన్ని నెలలలో ఏ బి సి డి వస్తుంది? ఈ మధ్య ఈ మాటల్లోకి ప్రాజెక్టు అనే మాట కూడా వచ్చి చేరింది. కొన్నిచోట్ల పిల్లలకు పలక పట్టించరట, వెదురు ముక్కలు, ఆకులు, రాళ్లు ముందు వేసుకొని వారాల తరబడి వాటినే చూస్తూ కూర్చుంటారట, ఇదేమి చదువమ్మా అని ఒకరంటారు. పెద్ద దేశాలలో ఇప్పుడు ఇదే పద్ధతి అని ఇంకొకరు జవాబిస్తారు. ఇద్దరి మాటలోను కొంత నిజమున్నది. కాని ఇద్దరూ అసలు సంగతిని ప్రక్కన పెట్టి మాట్లాడుతున్నారని నా అభిప్రాయం.

నాకు ఇది బడి ఎంపిక విషయంగా కంటె ధర్మవిచారంగా కనబడుచున్నది. మూడేండ్ల బిడ్డ ఒక వస్తువును పట్టుకొని "ఇదేంది?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న మీద అధికారం ఎవరిది? వెంటనే జవాబు చెప్పి నోరు మూయించే హక్కు పెద్దలకున్నదా? జవాబు చెప్పకుండా తానే తెలుసుకోనిచ్చే బాధ్యత ఉన్నదా? ఆ ప్రశ్న మన ఇంటికి, మన అన్నానికి ఇబ్బంది కలిగించేదైతే ఏమి చేయాలి? చంద్రపూర్ వంటి ఊరిలో కాపురమున్న మనకు ఈ చివరి మాట ఊరికే వచ్చేది కాదు.

ముందుగా ప్రాజెక్టు అంటే ఏమిటో చెప్పుకుందాం, ఎందుకంటే ఈ మాటను మన బజార్లు పాడుచేసినవి. రాత్రి పది గంటలకు తండ్రి స్టేషనరీ కొట్టు తలుపు తట్టి థర్మోకోల్ తెచ్చి, తల్లి పన్నెండు గంటల వరకు జిగురు పూసి ఇల్లు కట్టి, పొద్దున్నే బిడ్డ చేతికిచ్చి పంపే వస్తువును ప్రాజెక్టు అంటున్నారు. అది తల్లి చేసిన ఇంటిపని, అంతే. నేను చెప్పేది వేరు. పిల్లలకు దగ్గరలో ఉన్న ఒక విషయాన్ని తీసుకొని, దానిని గురించి వారికి ముందే ఏమి తెలుసునో వారినోటనే చెప్పించి, ఏమి తెలియదో వారిచేతనే అడిగించి, ఆ ప్రశ్నలు పట్టుకొని బయటికి వెళ్లి చూచి, ముట్టి, తెలిసినవారిని అడిగి, తిరిగివచ్చి బొమ్మ గీసి, మట్టితోనో అట్టతోనో కట్టి, చివరకు ఇంటివారిని పిలిచి చూపించడం. ఇది రెండు వారాలు పట్టవచ్చు, రెండు నెలలు పట్టవచ్చు. లిలియన్ కాట్జ్, సిల్వియా చార్డ్ అనే ఇద్దరు విదుషీమణులు 1989లో ఈ పద్ధతి మీద పుస్తకం వ్రాసి దీనికి ఆది, మధ్య, అంతము అనదగిన మూడు దశలు ఏర్పరచినారు.

మన ఊరినే తీసుకొని చూద్దాం. చంద్రపూర్ చుట్టూ వెదురు అడవి. బల్లార్పూర్ మిల్లులో దశాబ్దాల తరబడి వెదురుతోనే కాగితం చేసినారు. చిచ్పల్లిలో 2014లో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రమే పెట్టినారు. మన భాషలో మేదరివారు, మరాఠీలో బురుడ్ అనేవారు వెదురు చీల్చి అల్లే పని తరతరాలుగా చేస్తున్నారు. కాబట్టి ఒక బాలవాడీలో ఇరవైమంది పిల్లల ముందు ఒక వెదురుబొంగు పెట్టారనుకుందాం. టీచరు ఏమీ చెప్పదు. పిల్లలు దానిని దొర్లిస్తారు, ఊదుతారు, ఒకరినొకరు కొట్టుకోబోతారు, ఆమె ఆపుతుంది. తరువాత ఎవడో ఒకడు కన్నంలో కన్ను పెట్టి చూచి, "లోపల ఏం లేదు" అంటాడు. ఇంకొకతె రెండవవైపు చూచి, "ఇటు కనబడతలేదు" అంటుంది. నడుమ కణుపు అడ్డమున్నది గదా. ఇక్కడ మొదలు. నీళ్లు పోసి చూస్తారు. కణుపు దగ్గర నీళ్లు ఆగుతాయి. పొడవునా చీల్చి చూపమని అడుగుతారు. చీల్చితే ప్రతి కణుపు దగ్గర ఒక గోడ. గదులు గదులుగా ఉన్నదని వారే అంటారు. ఎన్ని గదులు? లెక్క వచ్చింది. ఏ గది పొడుగు? కొలత వచ్చింది. లోపల ఖాళీగా ఉంటే విరిగిపోదా? ఇది పెద్దలకు కూడా చెమటలు పట్టించే ప్రశ్న. ఒక కాగితాన్ని గొట్టంగా చుట్టి నిలువుగా పెడితే పుస్తకాన్ని మోస్తుంది, అదే కాగితాన్ని చుట్టకుండా నిలబెడితే దానంతట అదే నిలువదు. నాలుగేండ్లవానికి ఇంత చాలు, ఇంజనీరింగు కాలేజీలో మిగతాది చెప్పుతారు.

ఆ తరువాత మేదరి పెద్దమనిషి దగ్గరకు పోతారు, లేదా ఆయననే పిలుస్తారు. ఆయన కత్తితో వెదురును బద్దలుగా చీల్చే తీరు, పచ్చి వెదురుకు ఎండు వెదురుకు తేడా, బద్ద అంచు చేతిని ఎట్లా కోస్తుందో ఆయన వేళ్లే చెప్పుతాయి. ఒకటి మీదుగా, ఒకటి క్రిందుగా అని ఆయన అల్లుతుంటే పిల్లలు పాటలాగా పట్టుకుంటారు. చేట, తట్ట, గంప, బుట్ట, జల్లెడ, విసనకర్ర, తడక, నిచ్చెన. ఇన్ని మాటలు పుస్తకంలోని బొమ్మలు చూపి నేర్పితే ఎన్నాళ్లు పట్టును, ఎన్ని నిలుచును? బుట్టలో నీళ్లు పోస్తే కారిపోతాయి, బియ్యం పోస్తే నిలుస్తాయి, జల్లెడలో బియ్యం నిలుస్తాయి, నూక కారిపోతుంది. కన్నం ఎంత ఉండాలో వస్తువును బట్టి అని వారికి వారే కనుగొంటారు. చివరకు ప్రతివాడు ఒక చిన్న అల్లిక చేస్తాడు, వంకరటింకరగా. ఎవరిది ఎవరిదో తెలియాలి గదా, అందుచేత పేరు వ్రాయమంటారు. అక్షరం అక్కడ అవసరమై వస్తుంది. నూటికి నూరుసార్లు అ ఆ లు దిద్దిన చేతి కంటె, తన బుట్ట పోకుండా పేరు వ్రాసుకోదలచిన చేయి త్వరగా నేర్చుకుంటుందని నేను నమ్ముతాను.

ఇది ఎవరో నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. ప్రాజెక్టు పద్ధతి అనే పేరుతో 1918లో పెద్ద వ్యాసం వ్రాసి లోకానికి చాటిన విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 1871లో పుట్టిన ఒక బాప్టిస్టు పాస్టరు కుమారుడు. బాప్టిస్టులు నడిపిన మెర్సర్ విద్యాలయంలోనే చదివి, అక్కడే పాఠాలు చెప్పి, కొంతకాలము తాత్కాలిక అధ్యక్షుడుగా కూడా ఉండి, క్రీస్తు కన్యకకు జన్మించుటను గూర్చి తనకున్న సందేహాల కారణంగా 1906లో ఆ ఉద్యోగము విడిచిపోయినాడు. మన పత్రికలో ఆయన విశ్వాసమును సమర్థించుటకు నేను ఈ మాట వ్రాయుట లేదు. ప్రశ్నించుట మంచిదని పసిపిల్లల కొరకు వాదించినవాడు తాను ప్రశ్నించినందుకు వెల చెల్లించినాడని గుర్తుచేయుటకు వ్రాస్తున్నాను. ఆయనకు గురువు జాన్ డ్యూయీ. 1896లోనే షికాగోలో బడి పెట్టి పిల్లలచేత వంట, నేత, వడ్రంగము చేయించి వాటి నుండియే లెక్కలు, చరిత్ర తీసినవాడు.

అమెరికా వరకు పోనక్కరలేదు. గుజరాతులోని భావనగర్‌లో వకీలు వృత్తి వదలుకొన్న గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం తెరచినారు. అక్కడ పనిచేసి వచ్చిన తారాబాయి మోడక్ మన మహారాష్ట్రలో ఈ పని ఎత్తుకున్నారు. 1945లో బోర్డీలోను, తరువాత కోస్బాడ్ కొండ మీదను ఆమె, అనుతాయి వాఘ్ కలిసి ఆదివాసీ పిల్లల మధ్య పనిచేసినారు. బడికి పిల్లలు రాకపోతే బడియే పిల్లల ముంగిటికి పోవాలని తారాబాయి తలంచినారు. అంగణమనగా ముంగిలి. ఈనాడు దేశమంతటా వినబడే అంగన్‌వాడీ అన్న మాట అట్లా పుట్టినది. పశువులు కాచే పిల్లల కొరకు బీటిలోనే బడి పెట్టినారు. ఖరీదైన మాంటిస్సోరి కొయ్య సామానుకు బదులు గవ్వలు, గింజలు, గులకరాళ్లు, ఆకులు వాడినారు. మనకు రైలులో రెండు గంటలకు అటు ఇటుగా ఉన్న సేవాగ్రామంలో గాంధీగారి నయీ తాలీం, 1937 వార్ధా మహాసభ తరువాత, చేతిపనిని చదువుకు నడుమ పెట్టినది. తరువాత అదే ఆలోచనను ఏడేండ్ల లోపు పిల్లలకు కూడా విస్తరింపజేసినారు.

ఇటలీలో రెజ్జియో ఎమీలియా అనే ఊరి దగ్గర, 1945లో యుద్ధం ముగిసిన వెంటనే, పేద పల్లెవాసులు జర్మను సైన్యం వదలిపోయిన ఒక టాంకును, కొన్ని లారీలను, గుర్రాలను అమ్మగా వచ్చిన సొమ్ముతో తమ పిల్లల కొరకు బాలబడి కట్టుకొన్నారు. లోరిస్ మలగుజ్జీ అనే యువ ఉపాధ్యాయుడు ఆ వార్త విని సైకిలు మీద వెళ్లి చూచి అక్కడే జీవితమంతా పెట్టినాడు. నేడు ధనవంతుల బడులు ఆ ఊరి పేరు బోర్డు మీద వ్రాసుకొని లక్షలు వసూలు చేస్తున్నవి. అది వేరే కథ. నేను చెప్పదలచినది, ఈ చదువు పుట్టినది పేదల ముంగిట అని.

అయినా మన తల్లిదండ్రుల అభ్యంతరాన్ని తేలికగా త్రోసివేయుట అన్యాయం. 1929లో కాజీపేట, బల్హార్షాల మధ్య రైలు కలిసిన తరువాత ఆ దారినే మన పెద్దలలో అనేకులు గనులకు, మిల్లుకు వచ్చినారు. అక్షరం రాక సంతకానికి బదులు వేలిముద్ర వేసిన తాతల మనుమలు నేడు చదువుకొంటున్నారు. వారికి అక్షరం అంటే అన్నం. "సారూ, మా పిల్లవాడు ఇంట్లో మట్టిలో ఆడనే ఆడతడు, దానికి మళ్ల ఫీజెందుకు?" అని అడిగే తండ్రికి నా దగ్గర పరిహాసం లేదు. ఆయన భయం నిజమైనది. ఒకటవ తరగతిలో చేర్చేటప్పుడు ఇంగ్లీషులో రెండు ప్రశ్నలు అడిగి పిల్లవానిని ప్రక్కన పెట్టే బడులు ఉన్నవని ఆయనకు తెలుసు. యశ్‌పాల్ కమిటీ 1993లోనే నర్సరీ ప్రవేశానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు మానిపించమని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రవేశం కొరకు పిల్లలను పరీక్షించుట నిషేధించింది. కాగితం మీద ఉన్నది వీధిలోకి రావడానికి కాలం పడుతుంది, ఈలోగా ఆ తండ్రి తన బిడ్డను పణంగా పెట్టలేడు.

ఆయనతో నేను చెప్పగలిగినది ఇది. అక్షరం వద్దని ఎవరూ అనుట లేదు, అక్షరం ముందా ప్రశ్న ముందా అన్నదే తగవు. అమెరికాలో యిప్సిలాంటి అనే ఊరిలో 1962లో మొదలుపెట్టి 123 మంది పేద నల్లజాతి పిల్లలను రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపుకు మంచి బాలబడి పెట్టినారు. అక్కడ పిల్లలు ఈ పూట ఏమి చేస్తామో తామే చెప్పి, చేసి, తరువాత ఏమి చేశామో తిరిగి చెప్పేవారు. టీచర్లు వారానికొకసారి ఇంటికి కూడా వెళ్లేవారు. ఆ పిల్లలను నలభై ఏండ్ల వయస్సు వరకు వెంబడించి చూస్తే బడికి వెళ్లినవారి సంపాదన మెరుగు, అరెస్టులు తక్కువ. ఇది నేను చెప్పే పద్ధతికి అచ్చమైన రుజువు కాదు, అక్కడ ఇంకా చాలా కలిసినవి. కాని పిల్లవాని ఆలోచనకు చోటు ఇచ్చినందువలన వాడు వెనుకబడిపోతాడన్న భయానికి మాత్రం అది జవాబు.

భాష సంగతి మరింత చిక్కు. ఇంట్లో తెలుగు, అదీ ఆదిలాబాదు, కరీంనగరు తెలుగు. వీధిలో మరాఠీ, హిందీ. బడిలో ఇంగ్లీషు. పసివాడు తనకు వచ్చిన మాటలలోనే ప్రశ్న అడుగగలడు. మూడు నెలలుగా విన్న ఇంగ్లీషులో వాడు జవాబు అప్పజెప్పగలడు గాని ప్రశ్న పుట్టించలేడు. 2020 జాతీయ విద్యావిధానం మాతృభాషలో చెప్పమన్నది, మంచిదే, కాని మన అంగన్‌వాడీ సేవికది మరాఠీ. దీనికి చట్టంలో మందు లేదు. వస్తువులో కొంత ఉన్నది. బొగ్గు ముక్కను నడుమ పెడితే తెలుగు పిల్ల బొగ్గు అంటుంది, మరాఠీ పిల్లవాడు కోళసా అంటాడు, టీచరు కోల్ అని కలుపుతుంది. ఒక వస్తువుకు మూడు పేర్లున్నవని తెలిసిన బిడ్డకు పేరు వేరు, వస్తువు వేరు అని కూడా తెలుస్తుంది. ఒకే భాషలో పెరిగిన పిల్లవానికి ఇది ఆలస్యంగా తెలిసే సంగతి. వలస వచ్చినందుకు మన పిల్లలకు దొరికిన లాభాలలో దీనిని నేను లెక్కవేస్తాను.

బొగ్గు మాట వచ్చింది గనుక ఇప్పుడు కష్టమైన దానికి వద్దాం. వెదురును గురించి అడిగితే ఎవరికీ నొప్పి లేదు. బొగ్గును గురించి అడిగితే?

మొదట అంతా ముచ్చటగానే ఉంటుంది. ఇది రాయా? రాయి అయితే ఎట్లా మండుతుంది? గనిలో బొగ్గు పొరల నడుమ వచ్చే పలక రాతిలో ఆకు ఈనెలు అచ్చుపడి ఉంటాయి. అది చూచిన పిల్ల కళ్లు ఎంత పెద్దవౌతాయో ఊహించండి. ఇరవై అయిదు కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలంలో ఇక్కడ బురదనేలలో పెరిగిన చెట్లు పూడిపోయి బొగ్గైనవి. ఆ రాళ్లకు శాస్త్రజ్ఞులు ప్రపంచమంతటా గోండ్వానా అని పేరు పెట్టినారు, మన చాందా కోటను ఏలిన గోండుల పేరే అది. కోట్లు అంటే పిల్లలకు తెలియదు, "మీ తాత తాత కంటె ముందు" అంటే చాలు.

ఆ తరువాత ఒకడు అడుగుతాడు, మా ఇంటి ముందు ఆరవేసిన బట్టలు ఎందుకు నల్లబడతాయి అని. ఇంకొకతె, మా తమ్ముడు ఎందుకు దగ్గుతాడు అని. ఈ ప్రశ్నలు కల్పితం కావు, ఘుగ్గుస్‌లోనో, దుర్గాపూర్‌లోనో, లాల్‌పేటలోనో కాపురమున్న ఏ ఇంట్లోనైనా వినబడేవే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను లెక్కగట్టినప్పుడు చంద్రపూర్ 83.88 మార్కులతో నాలుగవ స్థానంలో నిలిచింది. ఈ మార్కులు ఎక్కువ వచ్చిన కొద్దీ సిగ్గు. 1983లో మొదటి యూనిటు మొదలైన మన థర్మల్ కేంద్రం మహారాష్ట్రకు వెలుగిచ్చింది, బూడిద మాత్రం మనకే మిగిలింది. అయితే అదే గని, అదే కేంద్రం మన సంఘంలో అనేకుల జీతం, మన మందిరాలలో అనేకం కట్టిన కానుక.

ఇప్పుడు ఆ టీచరు ఏమి చెప్పాలి, ఇంటికి వచ్చి అడిగిన బిడ్డకు తండ్రి ఏమి చెప్పాలి? అట్లాంటివి అడుగకూడదు అనవచ్చు. లేదా, అది వట్టి మట్టి అని అబద్ధం చెప్పవచ్చు. మొదటిది బిడ్డకు అడుగదగిన ప్రశ్నలు, అడుగరాని ప్రశ్నలు అని రెండు రకాలున్నవని నేర్పుతుంది. రెండవది తన కన్ను చూచినదానిని తానే నమ్మకూడదని నేర్పుతుంది. సీతాకోకచిలుకలను గూర్చి మాత్రం అడుగనిచ్చి దుమ్మును గూర్చి అడుగనీయని బడిలో విచారణ లేదు, అలంకారం ఉన్నది. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

కాని దీనికి ఎదురుగా ఇంకొక తప్పు ఉన్నది. చదువుకున్నవారు ఎక్కువగా చేసే తప్పు అది. పిల్లల చేతికి అట్టలిచ్చి, మేము వ్రాసిన నినాదం పట్టించి వీధిలో నడిపిస్తాము, పేపర్లో ఫోటో వేయిస్తాము. నాలుగేండ్ల బిడ్డ నోట పెద్దలు తమ తీర్మానం పలికించినప్పుడు అది ఎంత మంచి తీర్మానమైనా బిడ్డకు సంబంధించినంతవరకు కంఠస్థమే. పైగా తాను చేయగలిగినదేమీ లేని భయాన్ని పసివాని నెత్తిన పెట్టుట క్రూరం. మా నాన్న పని చెడ్డది అని బిడ్డ ఇంటికి వచ్చి అన్ననాడు, పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చిన ఆ తండ్రి ముఖం నాకు కనబడుతున్నది. ఆయనకు కోపం వచ్చుటకు హక్కున్నది.

మరి మధ్య దారి? ఒక తెల్ల పళ్లానికి కొబ్బరినూనె పలుచగా పూసి రాత్రి వాకిట పెట్టండి, అటువంటిదే ఇంకొకటి ఇంట్లో పెట్టండి, మూడవది చెట్టు క్రింద. తెల్లవారి మూడింటినీ వ్రేలితో రాసి చూడనివ్వండి. ఏది నల్లన? వానపడిన మరునాడు మళ్లీ పెట్టండి. రోడ్డు మీద నీళ్లబండి తిరిగిన పూట మళ్లీ పెట్టండి. బిడ్డ అడిగినప్పుడు నిజం చెప్పండి. అవును, కొంత దుమ్ము బొగ్గుదే. నీళ్లు చల్లితే, చెట్లు పెంచితే తగ్గుతుంది. నాన్న ఆ బొగ్గు తవ్వితేనే మన ఫ్యాను తిరుగుతుంది, మనకు అన్నం వస్తుంది. ఈ మూడూ నిజమే. మూడూ ఒకేసారి నిజమై ఉండవచ్చునని తెలియడం చిన్న చదువు కాదు, మనలో ఎందరికో నేటికీ అది రాలేదు. తీర్పు తీర్చుట ఆ బిడ్డ పెద్దయిన తరువాత చేసుకొనే పని, మనము ఇప్పుడే తీర్చి ఇవ్వరాదు.

పెద్దలను ప్రశ్నించే పిల్లలు అవిధేయులౌతారని కొందరు సహోదరులు అంటారు. తలిదండ్రులను సన్మానింపుమన్న ఆజ్ఞ మనకున్నది. అయితే యొర్దాను దాటినప్పుడు యెహోషువ పండ్రెండు రాళ్లు ఎత్తించి గిల్గాలులో నిలువబెట్టించినది దేనికి? రాబోవు కాలమందు పిల్లలు వాటిని చూచి ఇవేమిటని అడుగుటకే. పస్కా ఆచారమును నియమించినప్పుడును పిల్లలు అడుగుదురని ముందే తలంచి చెప్పబడినది. అడుగుట అక్కడ తిరుగుబాటు కాదు, ఆ ఏర్పాటులోనే ఒక భాగము. దేవాలయములో బోధకుల మధ్య దొరికిన పండ్రెండేండ్ల బాలుడు వినుచును అడుగుచును ఉండెను. అయితే నా వాదానికి ఇది పూర్తిగా సరిపోదని కూడా ఒప్పుకోవలెను. గిల్గాలు రాళ్ల విషయములో జవాబు తండ్రికి ముందే తెలుసు, బిడ్డ దానిని స్వీకరించవలసినదే. వెదురు ఎందుకు ఖాళీగా ఉంటుందో తండ్రికి కూడా తెలియకపోవచ్చు. అప్పగింపవలసిన సత్యాలు కొన్ని, కలిసి వెదకవలసినవి కొన్ని. రెంటినీ ఒక గంపలో వేసి అన్నిటికీ కంఠస్థమే మార్గమనుకొనుట మన పొరపాటు, అన్నిటికీ వెదకుటే మార్గమనుకొనుట ఆధునికుల పొరపాటు.

కంఠత వాక్యములకు నేను విరోధిని కాను. సండేస్కూలులో నేర్చిన వాక్యం డెబ్బదవ యేట ఆసుపత్రి మంచం మీద జ్ఞాపకం వచ్చుట నేనెరుగుదును. అది గాదెలో పోసిన ధాన్యం. కాని వండని ధాన్యం ఆకలి తీర్చదు. మన సంఘాలలో పసిబిడ్డలను ప్రతిష్ఠించి ప్రార్థిస్తామే గాని బాప్తిస్మమియ్యము. ఎందుకు? నమ్ముట ఎవరికి వారు చేయవలసినది, తల్లి బిడ్డ కొరకు నమ్మలేదు అని మన పితరులు పట్టుబట్టినందున. ఆత్మ విషయంలో ఇంత ఓపిక పట్టి బిడ్డ తన నోటితో చెప్పే దినం కొరకు కనిపెట్టే మనము, నర్సరీ విషయంలో ఆరు నెలలు ఆగలేక, ఇంకా ఏ బి సి డి రాలేదేమని టీచరును నిలదీయుట నాకు వింతగా తోచుచున్నది.

ఇక ఖర్చు సంగతి. ఈ చదువుకు సామాను చవక, మనిషి ఖరీదు. నలభైమందిని ఒకే పాట పాడించుట ఒక్కరికి సాధ్యం, నలభైమంది ప్రశ్నలు వినుట సాధ్యం కాదు. టీచరు "నాకు తెలియదు, చూద్దాం" అని పిల్లల ముందు చెప్పగలగాలి, తల్లిదండ్రుల ముందు కూడా చెప్పగలగాలి, ఆ ధైర్యం ఇచ్చేది మనమే. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం క్రింద మన అంగన్‌వాడీ సేవిక పిల్లల బరువు తూచాలి, ఖిచిడీ చూడాలి, గర్భిణుల లెక్క వ్రాయాలి, రిజిస్టర్లు నింపాలి, ఫోనులో కూడా నింపాలి. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక మూడు నుండి ఎనిమిదేండ్ల వరకు పిల్లలకు ఆటతోను, అన్వేషణతోను చెప్పమన్నది. చెప్పవలసినది ఆమెయే. ఆమెకు ఇచ్చేదానిని ఇక్కడ జీతమనరు, మానధన్ అంటారు. అంగన్‌వాడీ సిబ్బందికి కూడా గ్రాట్యుటీ వర్తిస్తుందని సుప్రీం కోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పవలసి వచ్చింది.

మన మందిరాలలో చాలావాటికి వారంలో ఆరు దినాలు ఖాళీగా ఉండే వరండా ఉన్నది. సంఘంలో రిటైరైన గని కార్మికులున్నారు, రాయి ఏదో బొగ్గు ఏదో చీకటిలో చేతితో చెప్పగలవారు. చేటలో బియ్యం చెరిగితే రాయి ఒకవైపు, నూక ఒకవైపు, బియ్యం ఒకవైపు ఎందుకు పోతాయో చేసి చూపగల అవ్వలున్నారు. దగ్గరలోని అంగన్‌వాడీ సేవికను అడిగి, ఆమెకు సమ్మతమైతే, నెలలో రెండు పూటలు వీరిలో ఒకరు వెళ్లి పిల్లల మధ్య కూర్చోవచ్చును. ప్రసంగము చేయనక్కరలేదు, మత విషయము ఎత్తనక్కరలేదు, అది ప్రభుత్వపు బడి, అన్ని ఇండ్ల పిల్లలూ అక్కడ ఉంటారు. అడిగినదానికి తెలిసినంత చెప్పి, తెలియనిదానికి తెలియదని చెప్పి రావడమే. వానలు పడిన తరువాత వెదురు కొమ్ములు మొలుస్తాయి, ఒక్కొక్కటి ఒక్క రోజులో ఎంత పెరిగిందో దారం పెట్టి కొలవడానికి పిల్లలకు ఒక పెద్దమనిషి తోడుంటే చాలును.